పసిబిడ్డ దొడ్డి రంగు గమనించండి

పుట్టిన రెండో రోజో మూడో రోజో బిడ్డ ఒళ్లు పచ్చబడటం చాలా ఇళ్లలో చూసేదే. వారం పది రోజుల్లో అది తగ్గిపోతుంది. మొదటి రోజే పచ్చబడినా, బిడ్డ పాలు తాగక మత్తుగా పడున్నా సంగతి వేరు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను చెప్పదలచింది రెండు వారాలు దాటినా వదలని కామెర్ల గురించి.

అప్పటికి ఇంట్లో అందరూ ‘అవే పోతాయిలే’ అంటుంటారు. ఎక్కువసార్లు వాళ్ల మాటే నిజమవుతుంది కూడా. తల్లిపాలు తాగే పిల్లల్లో కొందరికి నెల దాటినా పచ్చదనం ఉండి, ఏ హానీ చేయకుండా పోతుంది. కానీ ‘బైలరీ అట్రీజియా’ అనే జబ్బు కూడా మొదట్లో అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పది పదిహేను వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుందది. కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం దిగే గొట్టాలు పూడుకుపోతాయి. దారి లేని ఆ రసం లోపలే నిలిచి, కాలేయాన్ని గట్టిపరుస్తూ పోతుంది. బిడ్డ మాత్రం మొదటి వారాల్లో హాయిగా పాలు తాగుతుంది, ఒళ్లు చేస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అనుమానించాల్సింది దొడ్డి రంగు చూసి. పాలు తాగే బిడ్డ దొడ్డి పసుపుగానో, ఆవపిండి రంగులోనో, ఒక్కోసారి ఆకుపచ్చగానో ఉంటుంది. అన్నీ మామూలే. ఆ రంగు పైత్యరసానిదే కనుక అది దిగకపోతే దొడ్డి సుద్దలా, తడి బూడిదలా పాలిపోతుంది. ఒక్కసారిగా తెల్లబడకపోవచ్చు, రోజురోజుకీ వెలవెలబోతూ రావచ్చు. ఉచ్చ దీనికి తలకిందులు. నీళ్లలా ఉండాల్సింది గుడ్డకు పసుపు మరక పెడుతుంది. బాలింత గదిలో వెలుతురు తక్కువ ఉంటుంది కాబట్టి గుడ్డనో డైపర్‌నో కిటికీ దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. ఫోన్లో ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా తల్లులకు రంగుల కార్డు ఇచ్చి, బిడ్డ దొడ్డిని దానితో పోల్చుకోమంటున్నారు.

బారసాల 21వ రోజున చేసుకునే ఇళ్లున్నాయి. ఆనాటికీ కళ్లు పచ్చగానే ఉంటే ‘వేడుక కానివ్వండి, చూద్దాం’ అనకండి. డాక్టరును ఒక్కటే అడగండి: ‘మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ కూడా చూస్తారా?’ మామూలు కామెర్లలో ఈ రెండోది పెరగదు. ఇది రక్తంలో డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే పిల్లల కాలేయ నిపుణుల దగ్గరికి వెళ్లాలి. ఎండలో పడుకోబెట్టడం, నీలి దీపం కింద ఉంచడం ఈ రకానికి పనిచేయవు. పసరు మందు అసలే వద్దు, అప్పటికే అలసిన కాలేయం అది.

ఇంత తొందర ఎందుకంటే, దీనికి మందుబిళ్లలతో నయం లేదు. జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1950లలో కనిపెట్టిన ఆపరేషనే ఇప్పటికీ మొదటి చికిత్స. పూడిన గొట్టాలు తీసేసి, పేగునే నేరుగా కాలేయానికి కలుపుతారు. 60 రోజుల లోపు చేస్తే పైత్యరసం దిగే అవకాశం ఎక్కువ, ఆలస్యమైనకొద్దీ అది తగ్గుతుంది. హైదరాబాద్ నిలోఫర్‌లో, విశాఖ కేజీహెచ్‌లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి, ముందు అక్కడ అడగవచ్చు. ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి కాలేయ మార్పిడి అవసరమవుతుంది. మన దేశంలో 1998లో పసివాడికి తొలిసారి విజయవంతంగా కాలేయం మార్చింది ఈ జబ్బుకే. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరయ్యాడు.

ఇంకో మాట, ఇంట్లో పెద్దలకు. ఇది తల్లి తిన్నదానివల్ల వచ్చింది కాదు, పథ్యం తప్పడంవల్ల వచ్చింది కాదు. ఆమెను అనకండి, డాక్టరు చెప్పనిదే పాలూ మాన్పించకండి. ఈ పిల్లలకు విటమిన్ కె తగ్గి, బొడ్డు నుంచో ముక్కు నుంచో రక్తం రావచ్చు. అలా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ అయిన బిడ్డకు జ్వరం వచ్చినా అంతే. ఇంట్లో సిరప్ పట్టి చూడకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అదే రోజు వెళ్లండి.