స్వయంకల్పిత నాటకమున ఆంగికాభినయము

వ్రాసియుంచిన నాటకమును కంఠస్థము చేసి ప్రదర్శించుట వేఱు. పదిమంది విద్యార్థులు కూడి, ఒక విషయమును గ్రహించి, తామే కథ నల్లుకొని, తామే మాటలు కూర్చుకొని ప్రదర్శించుట వేఱు. ఈ రెండవదానిని స్వయంకల్పిత నాటకమందుము. 1892వ సంవత్సరమున విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ‘కన్యాశుల్కము’ను తొలిసారి ఆడినపుడు నటులకు గురజాడ అప్పారావు గారి మాటలు అండగా నుండెను. స్వయంకల్పిత నాటకమున అట్టి యండ లేదు. బాలుర మాటలు బాలుర మాటలే గదా! కావున అందు భావభారమును మోయవలసినది ముఖ్యముగ శరీరమే.

అట్టిచోట విద్యార్థులు సాధారణముగ చేయు పని యొకటి కలదు. దుఃఖమనగానే నుదుట చేయి వేసికొందురు. కోపమనగానే పండ్లు పటపట కొఱికి వ్రేలు చూపుదురు. భయమనగానే రెండు చేతులును చెంపల కానించుకొని వడవడ వణకుదురు. ఈ చేష్టలు ఎవరి దుఃఖమో, ఎవరి కోపమో చెప్పజాలవు. సంతలో దొరకు మూసబొమ్మలవలె అందఱికి నొక్కటియే. వెనుక వరుసలోని తల్లిదండ్రులు అట్టివేళ నవ్వినచో అది వారి దోషము గాదు.

నాట్యశాస్త్రమునందు అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజింపబడినది. అందు సాత్త్విక భావము లెనిమిది: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. చెమట పట్టుట, రోమములు నిక్కబొడుచుట, మొగము వెలవెలబాఱుట ఆజ్ఞాపించిన వచ్చునవి కావు. కావున ‘ఏడువుము, ఏడువుము’ అని బాలురను తొందరపెట్టుట వ్యర్థము. కాళ్లు, చేతులు, మెడ, చూపు మాత్రము మన యధీనమున నున్నవి. ఆ శాస్త్రమే మఱియొక యుపకారము చేసినది. భావమునకు కారణమైనది విభావము. దానిని వెల్లడించు చేష్ట అనుభావము. విభావము కనబడక అనుభావము మాత్రమే కనబడినచో ప్రేక్షకుని మనస్సున కేమియు నంటదు. మన బాలురు ముందుగనే ఏడ్చి, పిదప ఏల యేడ్చితిమో మాటలతో చెప్పుదురు.

ఒక యుదాహరణము తీసికొందము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును నేలగూలినవి. ఈ విషయముపై విద్యార్థులు నాటకము కల్పింప దలచిరనుకొనుడు. తాత తెల్లవాఱి తోటలోనికి వచ్చును; వచ్చిన వెంటనే గుండెలు బాదుకొని ‘నా తోట పోయెనే’ యని కూలబడును. తొలి ప్రయత్న మిట్లుండును. తోటను ఎన్నడును చూడనివాడు కూడ ఇంతమాత్రము చేయగలడు.

ఇపుడు ఆ తాత యెవడో విచారింపుడు. అతడు నలువది యేండ్లు కొబ్బరిచెట్ల నడుమ మెలగినవాడు. తోటలో అడుగిడగానే తల పైకెత్తి గెలలు చూచుట అతనికి ఊపిరివంటి యలవాటు. నడచుచు నడచుచు ఒక్కొక్క మ్రానిపై అరచేయి వేయును. ఈ రెండు చేష్టలను తుపానుకు ముందటి రంగమునందే, మనుమనితో మాటలాడుచు, నిదానముగ చూపవలెను. తుపాను మఱునాటి యుదయమున అతడు మరల వచ్చును. అలవాటుచొప్పున తల పైకెత్తును. అచ్చట ఆకాశము తప్ప మఱేమియు లేదు. తల వెంటనే దింపరాదు. మనసులో అయిదు లెక్కించునంతసేపు అట్లే యుండవలెను. పిదప అరచేయి చాచును. మ్రాను లేదు. చేయి గాలిలో నిలిచిపోవును. ఆ చేతిని ఏమి చేయవలెనో తెలియక పైపంచెతో తుడుచుకొనును. మనుమడు వచ్చి ఆ చేతిని పట్టుకొనును. ఇచ్చట ఒక్క మాటయు నక్కఱ లేదు.

ప్రేక్షకులలో నిజముగ చెట్లు కోల్పోయినవా రుండవచ్చును. మొక్క నాటి, నీరు పోసి, కాపు వచ్చువఱకు ఏండ్ల తరబడి వేచినవారి యెదుట గుండెలు బాదుకొనుట వారి నష్టమును చులకన చేయుటయే యగును. ఆ చేయి గాలిలో నిలిచిన క్షణమున వారు తమ తోటను తామే చూతురు. నిజజీవితమున దుఃఖమును పైకి చూపువారికంటె దాచుకొన యత్నించువారే యెక్కువ. ఆ యత్నమునే శరీరము బయటపెట్టును.

ఇట్టి పాఠములకు దూరదేశములు పోనక్కఱ లేదు. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల తప్పెటగుళ్లు చూడుడు. ఱొమ్మున వ్రేలాడు తప్పెటపై చేతులు పనిలో నుండును. ఉత్సాహమైనను భక్తియైనను మోకాళ్ల వంపునందును, నడుము కదలికయందును, గజ్జె కట్టిన పాదమునందును కనబడవలెను. చేతులనే నమ్ముకొన్న విద్యార్థికి ఇది మంచి మందు. అట్టివాని చేతిలో చేట యొకటి పెట్టి, ‘చెఱుగుచునే కోపపడుము’ అని చెప్పి చూడుడు. చెఱుగు వేగమే మాఱిపోవును! తూర్పు భాగవతమున సత్యభామ వేషము వేసిన పురుషుని నడక కూడ శ్రద్ధగ చూడదగినది. మాట పుట్టకమున్నే ఆ నడకలో గర్వము పుట్టును.

అజ్జాడలో జన్మించి విజయనగరమున ప్రసిద్ధి గాంచిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) హరికథా పితామహులు. హరికథకుడు వేషము మార్పక, తెర లేక, ఒక్కడే పలు పాత్రలగును. అతని దేహమున జరుగు మార్పు మిగుల చిన్నది: చూపు దిశ మాఱును, మెడ నిక్కును లేక వంగును, బరువు ఒక పాదమునుండి మఱియొక పాదమునకు పోవును. మన నాటకమున ఒకే విద్యార్థి తాతగాను, తహసీల్దారుగాను కనబడవలసి వచ్చినపుడు గడ్డము అతికించుటకంటె ఈ మార్గమే మేలు. అతికించిన గడ్డము సగము నాటకమునకే యూడిపోవును.

డార్విను పండితుడు భావప్రకటనమును గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథమునకై వివిధ దేశములలోని మిషనరీలు మొదలగువారికి ప్రశ్నలు పంపి, మొగమున కనబడు ముఖ్యభావములు పెక్కు అన్ని జాతులకు సమానములని తలంచెను. చేతి సైగలు, తల యూపులు అట్లు గావు. మనము ‘అవును’ అనుటకు తల ప్రక్కలకు ఊపగా చూచి ‘కాదు’ అనుకొను పరదేశీయులు కలరు. అందుచే పరదేశ చిత్రములలోని భుజముల యెగురవేతను ఉద్దానపు తాతకు అంటగట్టుట పొసగదు.

అభ్యాసమునకు ఒక విధానము చెప్పెదను. తొలిసారి రంగమంతయు మాటలు లేకుండ ఆడుడు. ఆఱవ తరగతి పిల్లలను నలుగురిని చావడి చివర కూర్చుండబెట్టి, ఏమి జరిగినదో వారిచేత చెప్పింపుడు. వారికి తెలిసినదానికి మాట చేర్పవలదు. తెలియనిచోట ముందుగ చేష్టను సవరింపుడు. ఒక చేష్ట ముగియకమున్నే మఱియొకటి మొదలిడుటయే తఱచుగ నచ్చటి లోపము. అప్పటికిని తెలియనిచో మాత్రమే మాట చేర్పుడు. అదియు చేష్ట ముగిసిన పిదపనే పలుకవలెను. తాత వేషము వేయు బాలుడు ఒక వారము తన యింటి పెద్దలను, వారి కెఱుక లేకుండ, గమనించి రావలెను: లేచునపుడు వారు మొదట చేయి దేనిపై వేయుదురు? చెడువార్త వినినపుడు చేతిలోని పనిని ఆపుదురా, లేక మఱింత త్వరగా చేయుదురా?