వైర్లు లాగే పనేనా?

“ఇంజినీరింగ్ చదివించి వైర్లు లాగే పనికి పంపమంటారా సార్?” ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఒక తండ్రి నిలదీశారు. పక్కన కుర్రాడు తలొంచుకుని కూర్చున్నాడు. వాడికి ఈసీఈ, నెట్‌వర్కింగ్ అంటే ఇష్టం. ఆయనకు సీఎస్‌ఈ ఏఐ తప్ప మరొకటి చెవికెక్కదు. కన్వీనర్ కోటాలో రాకపోతే పొలం అమ్మైనా మేనేజ్‌మెంట్ సీటు కొంటారట. పొలం సరే, నాలుగేళ్లు చదవాల్సింది ఎవరు?

వైర్లే కాదు, కంప్యూటర్లే కంటికి కనబడని రోజుల గురించి జిరాక్స్ పార్క్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లోనే రాశారు. అవి వస్తువుల్లో కలిసిపోతాయని ఆయన ఊహ. వస్తువులను నెట్‌కు కలిపే ఈ ఐఓటీలో చిప్పు పెట్టడం తేలికే. చిప్పులు మాట్లాడుకోవడం దగ్గరే తంటా. ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఐపీవీ6 నడవాలంటే లింకు కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయాలి. చిన్న పరికరాల నెట్‌వర్క్ జిగ్‌బీ వాడే 802.15.4 రేడియో ఫ్రేము 127 బైట్లే. లారీ లోడు స్కూటీ మీద వేసినట్టు! ఆ లోడును కుదించి, ముక్కలు చేసి పంపే పద్ధతిని 2007లో 6లోప్యాన్ అనే ప్రమాణంగా రాసుకున్నారు. ఇలాంటి పని తెలిసినవాణ్ని వైర్లు లాగేవాడంటే నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని ‘ఐఓటీ సర్టిఫికెట్, జాబ్ గ్యారంటీ’ బోర్డు చూసి పరుగెత్తకండి. అలాంటి కోచింగ్‌లో చేరిన ఫైనలియర్ అమ్మాయి ఒకతె ‘స్మార్ట్ సేద్యం’ ప్రాజెక్టు పట్టుకొచ్చింది. డబ్బిచ్చి కొన్నది. ఈఎస్పీ32 బోర్డు, తేమ సెన్సర్, ఫోన్ హాట్‌స్పాట్. బల్ల మీద దీపాలు బాగానే మిణుకుమన్నాయి. “చేలో బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందమ్మా?” అన్నాను. మాట లేదు. వైఫై ఆపకుండా నడిస్తే ఆ బోర్డు సుమారు వంద మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ ఒక్కరోజు కూడా నిలవదు. బోర్డును ఎప్పుడు నిద్రపుచ్చాలి, ఎప్పుడు లేపాలి, వైఫై బదులు తక్కువ కరెంటు తాగే లోరా రేడియో పెడితే ఏం మిగులుతుంది అన్నవే అసలు పాఠాలు. వేలు గుంజిన ఆ కోచింగ్‌లో వాటి ఊసే లేదు.

అర్హత మామూలే: ఇంటర్ ఎంపీసీ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్), పాలిటెక్నిక్ చేసినవాళ్లకు ఈసెట్. డిప్లొమా నుంచి వచ్చిన పిల్లలంటే నాకు కాస్త పక్షపాతం, చేతికి పని అలవాటై ఉంటుంది కాబట్టి. ఈసీఈ అయినా సీఎస్‌ఈ అయినా సి భాష, ఐపీ అడ్రసింగ్ గట్టిగా రావాలి. వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంతో ఇంట్లో వైఫై ప్యాకెట్లు విప్పి చూడొచ్చు. తొలి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడికంటే తక్కువ రావచ్చు, దాచను.

ఆ తండ్రికి ఒకటే చెప్పాను. వందల్లో దొరికే బోర్డు ఒకటి కొనివ్వండి. బ్యాటరీ మార్చకుండా నెల రోజులు నడిపించమనండి. పొలం బేరం అప్పటిదాకా ఆపండి.