క్రికెట్టు చరిత్రను కాపాడిన మతాచార్యుడు

జేమ్సు పైక్రాఫ్టు 1813లో ఇంగ్లండునందు జన్మించెను. ఆక్సుఫర్డులోని ట్రినిటీ కళాశాలలో చదువుచు, వేతనమునకుగాక వినోదమునకై క్రికెట్టు ఆడెను. 1840లో క్రైస్తవ మతాచార్యుడయ్యెను.

అప్పటికి ఆ క్రీడయొక్క పూర్వవృత్తాంతము చాలవరకు ముసలి ఆటగాండ్ర జ్ఞాపకములందే యుండెను. హాంబిల్డన్ జట్టున ఆడిన విలియం బెల్డం అను వృద్ధుని పైక్రాఫ్టు దర్శించి, పాతకాలపు ఆటతీరును, ఆటగాండ్ర సంగతులను అడిగి వ్రాసికొనెను. అవి 1851లో వెలువడిన ‘ది క్రికెట్ ఫీల్డ్’ అను గ్రంథమున చేరినవి. 1862లో బెల్డం మరణించెను. అతని మాటలు మాత్రము నిలిచినవి.

విద్యార్థులారా! మన అవ్వతాతలు ఆడిన ఆటల నియమములు, ఆ ఆటలలోని తెలుగుమాటలు ఎన్ని పుస్తకముల కెక్కినవి? వారుండగనే అడిగి వ్రాసికొందము.