ఎక్కడిదక్కడ

అయిదేళ్ల పిల్లతో ‘గది నీట్‌గా ఉంచుకో’ అంటే ఆ మాటలో దాని చేతికి పని దొరకదు. ‘చెప్పులు స్టాండులో పెట్టు, లంచ్ బాక్స్ సింకులో వెయ్యి, ఐడీ కార్డు మేకుకి తగిలించు’ అంటే దొరుకుతుంది. రోజూ విసుక్కునే బదులు ముందు ఈ ఒక్కటీ మార్చి చూడండి.

పిల్లలకి సర్దుకోవడం పట్టదని మనం అనుకుంటాం గానీ, రెండేళ్ల వయసులో వాళ్లంత పట్టింపు మనిషి ఇంట్లో మరొకరుండరు. నాన్న చెప్పులు తాతయ్య వేసుకుంటే ఒప్పుకోరు. విద్యావేత్త మారియా మాంటిస్సోరి ఒక ఆరు నెలల పాప సంగతి రాసింది. ఇంటికొచ్చినావిడ గొడుగు బల్ల మీద పెట్టగానే ఆ పాప ఏడుపు లంకించుకుంది. గొడుగు కోసమేమోనని చేతికిస్తే తోసేసింది. తల్లి దాన్ని పక్కగదిలో పెట్టొచ్చాకే ఊరుకుంది. గొడుగు ఉండాల్సిన చోటు బల్ల కాదు, అదీ గొడవ!

1907లో రోమ్‌లో మాంటిస్సోరి తెరిచిన బడిలో మొదట్లో సామాన్లు ఇవ్వడం, తిరిగి సర్దడం టీచరే చేసేది. సర్దుతుంటే పిల్లలు ఆమె వెంటపడేవారు. కూర్చోమన్నా వినేవారు కాదు. వాళ్లకి కావలసింది ఆ సర్దే పనేనని మాంటిస్సోరికి తర్వాత అర్థమైంది. అందుకే మాంటిస్సోరి బడుల్లో అరలు పిల్లల చేతికందే ఎత్తులో ఉంటాయి.

మరి మన ఇళ్లలో? హ్యాంగర్లు పెద్దవాళ్ల ఎత్తులో, బొమ్మలన్నీ ఒకే బుట్టలో కుప్పగా. సగం బొమ్మలు అటకెక్కించండి, నెలకోసారి మార్చి దించొచ్చు. మిగిలినవాటికి కింది అర ఒకటి వదిలెయ్యండి. దుప్పటి వంకరగా మడతపెడితే వాళ్ల కళ్లముందే విప్పి మళ్లీ మడతపెట్టకండి. నా లెక్కన ఆ వంకర మడతే మంచిది.

సగం కట్టిన బ్లాకుల ఇల్లు మాత్రం చెత్త కాదు. రేపటిదాకా ఓ మూల ఉండనివ్వండి. సర్దడం పిల్లల పనేనని నాయనమ్మకీ అమ్మమ్మకీ ముందే చెప్పాలి. ‘పసిదానికేం తెలుస్తుందే, నేను సర్దుతాలే’ అని వంగేది వాళ్లే. వద్దంటే నొచ్చుకుంటారు, కాబట్టి పక్కన కూర్చుని ‘ఇదెక్కడ పెట్టాలే?’ అని మనవరాలిని అడిగే పని వాళ్లకి అప్పగించండి.