మనుషుల మాత్రలు కుక్క మింగితే...

చెరకు తోటకు, మేకల మందకు కాపలా ఉండే కుక్క పాకలో దోపిన మాత్రల షీటును కొరికేస్తుంటుంది. తీపి పూత ఉన్న మాత్రలైతే షీటంతా నమిలేస్తుంది. అలాంటప్పుడు 'వాంతయితే అదే తగ్గిపోతుందిలే' అని ఊరుకోకూడదు. మొదటి గంట, రెండు గంటల్లో చేసిన వైద్యమే బాగా పనిచేస్తుంది.

ఏ మాత్రతో ఏ ప్రమాదం?

పారాసిటమాల్: కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతింటుంది. అంటే 15 కిలోల కుక్కకు 500 మి.గ్రా. మాత్రలు మూడు చాలు. చిగుళ్లు గోధుమరంగుకు మారతాయి, ఆయాసం వస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది.

నొప్పి మాత్రలు (డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్): కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి. పేడు నల్లగా వస్తుంది.

టీబీ మాత్రలు: వీటిలోని ఐసోనియాజిడ్ కుక్కకు మహా విషం. ప్రభుత్వం ఇచ్చే పెద్దల మాత్రలో తొలి నెలల్లో ఇది 75 మి.గ్రా. ఉంటుంది. 12 కిలోల కుక్క ఎనిమిది మింగితే ప్రాణం మీదికొస్తుంది. అంతకన్నా తక్కువకే ఫిట్స్ రావచ్చు. దీనికి విరుగుడు బి6 విటమిన్ ఇంజక్షన్. మింగిన మందు ఎంతో, విరుగుడూ అంతే ఇస్తారు. అందుకే లెక్క ముఖ్యం.

షుగరు, బీపీ, ఐరన్ మాత్రలు కూడా ప్రమాదమే.

వెంటనే చేయాల్సినవి

* నోట్లో మిగిలిన ముక్కలు తీసేయండి. కరవకుండా జాగ్రత్త.
* చిరిగిన షీటు దాచండి. ఎన్ని మాత్రలు పోయాయో, ఎన్ని గంటలకు మింగిందో గుర్తుంచుకోండి.
* ఆ షీటుతో సహా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. వీలుకాకపోతే 1962కు ఫోన్ చేసి సలహా అడగండి.

చేయకూడనివి

* ఉప్పునీళ్లు తాగించవద్దు. ఒంట్లో ఉప్పు పెరిగి అదే మరో విషమవుతుంది.
* పాలు, మజ్జిగ, నూనె బలవంతంగా పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
* డాక్టరు చెప్పకుండా వాంతి చేయించవద్దు. మగతగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా అసలే వద్దు.
* పొయ్యి బొగ్గు నూరి పెట్టవద్దు. డాక్టర్లు వాడే బొగ్గు మందు వేరు.

ఇంకోమాట. 'కుక్క ఒళ్లు వెచ్చగా ఉంది' అని కొందరు బెల్లంలో పెట్టి జ్వరం మాత్ర వేసేస్తారు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలుంటుంది. మనిషికన్నా ఎక్కువ. కాబట్టి చేత్తో చూసి జ్వరమనుకోవద్దు, మన మందు దానికి వేయవద్దు.

మాత్రలను చూరులో, జేబులో కాకుండా మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి ఎత్తున ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలకూ అదే రక్ష.