చుట్టలో దాగిన బలము: పట్టీ రంపపు క్రొత్త బ్లేడును విప్పు విధానము

ఉర్దూలో రంపాన్ని ‘ఆరా’ అంటారు. కోత పనివాడు ‘ఆరాకష్’, అనగా ఆరాను లాగేవాడు. తెలుగువానికి రంపమనగానే ‘ప్రాణాలు రంపాన పెట్టడం’ అనే పలుకుబడి స్ఫురిస్తుంది. ఈ మాటలు పుట్టిన కాలంలో రంపమంటే ఒకడు గుంటలోను, ఒకడు దుంగపైన నిలిచి చెమటోడ్చి లాగే ఉక్కు పలక. నేటి కోత మిల్లులో రెండు పెద్ద చక్రాల మీద తిరిగేది అంతులేని ఉక్కు పట్టీ. మిల్లువారు దానిని బ్యాండ్ సా అంటారు. దానిని లాగడానికి మనిషి అక్కరలేదు. అయితే బజారునుండి చుట్టగా వచ్చిన క్రొత్త పట్టీని విప్పి చక్రాలకు ఎక్కించవలసినవి మాత్రం మనిషి చేతులే. తెలుగు పాఠం చెప్పేవానికి ఈ గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వవచ్చు. సెలవులలో బంధువుల మిల్లులలోను, వడ్రంగి దుకాణాలలోను పనికి పోయేవారు మీలోనే ఉన్నారు గనుక ఈ వ్యాసం.

పట్టీ రంపపు ఊహ ఇంగ్లండులో 19వ శతాబ్ది ఆరంభంలోనే పుట్టింది. కాని పట్టీ రెండు కొనలను కలిపిన అతుకు నిలిచేది కాదు. ఆ చిక్కును తీర్చే అతుకు పద్ధతికి 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందినది క్రెపాన్ అనే మహిళ.

వంశధార సముద్రంలో కలిసే ఈ కళింగపట్నం పరిసరాలలో కలపకు కొరత లేదు. తీరం వెంట సరుగుడు, తోటలలో కొబ్బరి, జీడి, పనస. బొబ్బిలి వీణకు మూలం కూడా పనస దుంగయే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినపుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పెరటి చెట్టు కోతకు వస్తే మరొక చిక్కు: ఎవరో ఎప్పుడో బట్టల తీగ కోసం కొట్టిన మేకు మ్రానులో దాగి ఉంటుంది. దానికి తగిలిన పట్టీ పళ్ళు విరుగుతాయి, ఒక్కొక్కప్పుడు పట్టీయే తెగుతుంది. అపుడు క్రొత్త చుట్ట విప్పక తప్పదు.

ఆ చుట్ట నిజానికి బిగించిన స్ప్రింగు. మూడు మీటర్ల పట్టీ స్వేచ్ఛగా నిలిస్తే దాని వలయం అడ్డుకొలత సుమారు 95 సెంటీమీటర్లు. మూడు చుట్లుగా మడిచినపుడు 32. వంపు మూడింతలైతే ఉక్కులో నిలువయ్యే శక్తి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. చుట్ట విడగానే అందులో తొమ్మిదింట ఎనిమిది పాళ్ళు ఒక్కసారిగా బయటపడతాయి. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 0.6 మిల్లీమీటర్ల మందం గల చిన్న పట్టీలో అది సుమారు 4 జౌళ్ళు. ఒక కిలో గుండు 40 సెంటీమీటర్ల ఎత్తునుండి పడిన దెబ్బ. ఏడు మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం గల మిల్లు పట్టీలో సుమారు 38 జౌళ్ళు. అదే గుండు దాదాపు నాలుగు మీటర్ల నుండి పడినట్లు. పైగా ఆ గుండుకు అంచు పొడవునా పళ్ళున్నాయి! యంత్రం ఆగి ఉన్నదన్న ధీమాతోనే చాలామంది ఈ పనిలో ఏమరుతారు.

చుట్లు మూడే ఎందుకు? రెండు చుట్లుగా మడిస్తే పట్టీలో ఒక పురి మిగిలిపోతుంది. మూడు చుట్లలో రెండు అడ్డుదాటులు ఒకదాని మెలికను మరొకటి రద్దు చేస్తాయి. ఒక చుట్టు వదలగానే తక్కిన రెండూ విచ్చుకొనడానికి కూడా ఈ అమరికయే కారణం.

ఇది నేర్పేవారెవరు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తుతో నడిచేచోట పదిమంది ఉంటేనే కర్మాగారమన్నది. 2020 నాటి స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచింది. నలుగురు పనిచేసే పల్లె మిల్లు ఆ నిర్వచనానికి వెలుపలిదే. 1923 నాటి పరిహార చట్టం పట్టికలో బొటనవ్రేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం నష్టమని లెక్కగట్టారు. వీణ వాయించేవాని బొటనవ్రేలికైనా అదే లెక్క.

ఇక పని. ముందు యంత్రపు మెయిన్ స్విచ్చి కట్టివేయాలి. చేతులకు మందపాటి తోలు తొడుగులు, కళ్ళకు రక్షణ అద్దాలు, కాళ్ళకు మూసిన బూట్లు కావాలి. మన తీరంలో లుంగీతో, హవాయి చెప్పులతో ఈ పనికి దిగడం మామూలు. అది మానవలసిన మామూలు. చుట్టూ పట్టీ విచ్చుకొనేటంత ఖాళీ ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. నేలమీద గోనెపట్టా గాని చెక్క గాని పరచుకోవాలి. సిమెంటు గచ్చు పళ్ళను చెడగొడుతుంది. ఇసుక పట్టీకి పూసిన నూనెకు అంటుకుంటుంది.

కట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. అన్నిటినీ ఒక్కసారి తెంచరాదు. చివరి కట్టు విప్పకముందే మూడు చుట్లనూ ఒక చేతి పిడికిట గట్టిగా పట్టుకొని, పళ్ళు మీకు వ్యతిరేక దిశలో ఉండేటట్లు చేయి చాచి, ముఖం ప్రక్కకు త్రిప్పుకోవాలి. కట్టు తీసి, రెండవ చేతితో ఒక చుట్టును పట్టి మెల్లగా వెలుపలికి రానివ్వాలి. పిడికిలి ఒక్కసారిగా సడలించవద్దు. పట్టు జారితే అందుకొనబోవద్దు. వదిలివేసి వెనుకకు తగ్గండి. పట్టీ పాడైతే మరొకటి వస్తుంది. వెడల్పు పట్టీని ఒంటరిగా ముట్టరాదు. ఇద్దరు కావాలి, ఇద్దరిలో ఒకరి మాటే చెల్లాలి. పళ్ళకు ప్లాస్టిక్ తొడుగు ఉంటే చక్రాలకు ఎక్కించేవరకు తీయనక్కరలేదు.

తోలు తొడుగులు పట్టీని ముట్టుకొనేటపుడు మాత్రమే. యంత్రం తిరుగుతున్నపుడు అవే శత్రువులు: పంటికి తొడుగు చిక్కితే చేయి కూడా దానితో పోతుంది. కార్యవర్గం వారు మన వర్కుషాపు గదికి రెండు జతల తొడుగులు, రెండు కళ్ళద్దాలు ఇప్పిస్తే ఈ ఏటి ఖర్చులో అది కనబడదు కూడా.

విప్పిన పట్టీలో అతుకు, పగుళ్ళు, వంకరలు పరిశీలించాలి. తరువాత పళ్ళ దిశ చూడాలి. నిలువు యంత్రంలో కోతవైపు పళ్ళు క్రిందికి, బల్లవైపు చూడాలి. పైకి చూస్తుంటే సరుకు తప్పు వచ్చిందని దుకాణానికి తిరిగి మోసేవారున్నారు. అది తప్పుడు సరుకు కాదు. తొడుగులు వేసుకొని, రెండు చేతులతో పట్టుకొని, లోపలి ముఖం వెలుపలికి వచ్చేటట్లు వలయాన్ని తిరగవేస్తే చాలు. పళ్ళు సరియైన దిక్కుకు తిరుగుతాయి.