వెనక స్పీకర్ మోగట్లేదా? బోర్డు మార్చే ముందు ఈ 5 టెస్టులు చేయండి

హోమ్ థియేటర్‌లో ఒక స్పీకర్ మూగబోయిందంటే మనకి ముందు వినిపించే మాట "బోర్డు పోయిందండి, మార్చాలి". నిజంగా బోర్డు పోయే కేసులూ ఉంటాయి. కానీ వైరు, జాయింట్, టీవీ సెట్టింగ్ చెక్ చేయకుండా డబ్బులు పెట్టేయకండి. నేను వాడే పద్ధతి స్టెప్ బై స్టెప్ చెప్తాను. కావాల్సింది ఒక మామూలు మల్టీమీటర్, ఒక పెన్సిల్ సెల్.

ముందుగా ఒక జాగ్రత్త: వైర్లు ముట్టుకునే ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి.

1. టెస్ట్ టోన్

సినిమా పాట పెట్టి టెస్ట్ చేయొద్దు. చాలా సీన్లలో వెనక స్పీకర్లకి సౌండే ఉండదు. ఆంప్ సెటప్ మెనూలో 'టెస్ట్ టోన్' ఉంటే ఆన్ చేయండి. ఒక్కో స్పీకర్ నుంచి వరసగా "స్స్స్" అని శబ్దం వస్తుంది. అన్నీ మోగితే నేరుగా 5వ టెస్టుకి వెళ్లండి. ఎడమది మోగాల్సినప్పుడు కుడిది మోగితే వైర్లు తారుమారయ్యాయని అర్థం.

2. మార్చి చూడటం

వెనక కుడి స్పీకర్ మోగట్లేదు అనుకుందాం. ఆంప్ వెనకాల సరౌండ్ లెఫ్ట్, సరౌండ్ రైట్ వైర్లు ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ టోన్ వేయండి.

కుడిది మోగి ఎడమది ఆగిపోతే లోపం ఆంప్ ఛానెల్‌లో ఉంది. కుడిది అప్పటికీ మోగకపోతే లోపం వైరులోనో, స్పీకర్‌లోనో ఉంది. ఇప్పుడు బాగున్న ఎడమ స్పీకర్ తెచ్చి కుడి వైరుకి తగిలించండి. అది మోగితే వైరు ఓకే, పాత స్పీకర్ పోయింది. మోగకపోతే వైరే దొంగ.

3. మల్టీమీటర్

వైర్లు ఆంప్ నుంచి తీసి, స్పీకర్ వైపు అలాగే ఉంచి, ఓమ్స్ మోడ్‌లో కొలవండి. 8 ఓమ్స్ స్పీకర్ దాదాపు 6 నుంచి 7 చూపిస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్. అది అలాగే ఉండగా ఆంప్ ఆన్ చేస్తే ఈసారి నిజంగానే బోర్డు పోవచ్చు! 'ఓఎల్' అని వస్తే ఎక్కడో తెగింది. కొన్ని చిన్న స్పీకర్లలో లోపల కెపాసిటర్ ఉండటం వల్ల బాగున్నా ఓఎల్ వస్తుంది. అందుకే మోగుతున్న జత స్పీకర్‌ని కూడా కొలిచి పోల్చండి.

బొబ్బిలిలో మా ఫ్రెండ్ ఒకడు "ఏటిరా ఇది, బోర్డు మార్చాలంటున్నారు" అని ఫోన్ చేశాడు. మార్చి చూస్తే లోపం వైరు వైపు తేలింది, మీటర్ పెడితే ఓఎల్. బీరువా వెనకాల టేపు చుట్టిన జాయింట్ ఊడిపోయింది. కొత్త వైరు ముక్కతో పని అయిపోయింది.

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకో సమస్య ఉంటుంది. ఉప్పు గాలికి రాగి తీగ చివర పచ్చగా మారుతుంది. అంత మేర కత్తిరించి కొత్తగా తొక్క తీసి బిగించండి. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు.

4. పొలారిటీ

అన్నీ మోగుతున్నా బేస్ పల్చగా ఉందా? డైలాగ్ ఎక్కడి నుంచి వస్తుందో తెలియట్లేదా? ప్లస్, మైనస్ తిరగబడి ఉండొచ్చు. ఆంప్ నుంచి తీసిన వైరు చివరలకి 1.5 వోల్టుల సెల్ అర సెకను తాకించండి. ఎరుపు టెర్మినల్‌కి వెళ్లే తీగ సెల్ ప్లస్‌కి పెట్టాలి. స్పీకర్ కోన్ బయటికి కదిలితే కరెక్ట్, లోపలికి వెళ్తే రివర్స్. ముందువి రెండూ ఒకేలా కదలాలి.

5. అసలు 5.1 వస్తోందా?

బ్లూటూత్‌లో పాట పంపితే వచ్చేది 2 ఛానెల్సే. యూట్యూబ్‌లో '5.1 టెస్ట్' అని రాసినవి కూడా చాలావరకు స్టీరియోగానే వస్తాయి. ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఆర్క్ వాడితే టీవీ ఆడియో అవుట్‌పుట్ 'పీసీఎం' నుంచి 'బిట్‌స్ట్రీమ్' లేదా 'పాస్ త్రూ'కి మార్చండి. ఆంప్ డిస్‌ప్లేలో డాల్బీ డిజిటల్ అని కనిపించిందంటే సిగ్నల్ వస్తోంది. ఆ సినిమా ట్రాక్ కూడా 5.1 అయి ఉండాలి.

2వ టెస్టులో ఆంప్ ఛానెలే అని తేలితే మాత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, మీరు విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. "వైరు, స్పీకర్ ఓకే అండి, సరౌండ్ రైట్ ఛానెల్ మాత్రమే రావట్లేదు" అని చెప్పండి. ఏం చూడాలో అతనికీ తెలుస్తుంది, దేనికి డబ్బులు ఇస్తున్నారో మీకూ తెలుస్తుంది.